ఏమని కేకెయ్యాలి

ముందుగా నెమరు ఆపింది చెవి తెగిన గొర్రె. ఆపితే ఏమైంది, గొర్రె అన్నాక నెమరేస్తుంది, విసుగొస్తే ఆపుతుంది, దానికి మాత్రం ఆలోచనలు ఉండవా అని గుర్వయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకుంటూనే నెత్తి మీది గొంగడిని వెనక్కి తోసి చెవులు రిక్కించాడు. ముసురు పడుతోంది. పొద్దు ఇంకా ఉందో పోయిందో తెలియని మబ్బు. పల్లికాయ పీకిన చెలకలో నాలుగు వైపులా వల కట్టి మందను నిలిపారు, వల పక్కన బండ మీద అతను కూర్చున్నాడు. అటు పక్క గుడారాలు. గుడారాలని పేరే గానీ నీలం పట్టాలు, పాత చీరలు, విప్పి కుట్టిన ఎరువుల సంచులు, భూకంపం వచ్చిన నాటి నుంచి ఊరు ఊరంతా వాటి కిందే బతుకుతోంది. వాటి అవతల ఊరు, ఊరికి ఈ కొసన అతని ఇల్లు, ఆ ఇంటి గోడకు నిలువునా అరచెయ్యి దూరేంత బీట. ఇంటి కిటికీలో ఇప్పుడు దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో భార్య గోవిందమ్మ ఉంది, కోడలు నాగరాణి ఉంది, నెల నిండని మనవడు ఉన్నాడు. రోజూ ఈ వేళకు పిల్లవాడికి నీళ్లు పోయడానికి వాళ్లు ఆ పగిలిన ఇంట్లోకి పోతారు. వాళ్లు తిరిగి బయటపడేదాకా గుర్వయ్య ఒక కన్ను మంద మీద, ఒక కన్ను కిటికీ మీద పెట్టుకుని ఈ బండకు అతుక్కుపోయి ఉంటాడు.

వద్దని చెప్పలేదా అంటే చెప్పాడు. రోజూ చెబుతూనే ఉన్నాడు. గోవిందమ్మ వినే మనిషైతే గదా. "గాలి దాకితే పిలగాడు ఏమైతడు? బాలెంత గిట్ల ముసుర్ల కూసుంటదా? బీట వడ్డది గోడకు, నాకు గాదు. గిట్ల వోయి గట్ల వస్తం," అని నీళ్ల కాగు ఎత్తుకుంది. పసిపిల్లకు గాలి తగిలే చోట నీళ్లు పోయడం వాళ్ల ఇంటా వంటా లేదు, గోవిందమ్మ అత్త పోయలేదు, ఆ అత్తకు అత్తా పోయలేదు. నాలుగు గోడల మధ్య పీట వేసుకుని, కాళ్లు చాపి, కాళ్ల మీద పిల్లవాణ్ని బోర్లా వేసుకుని, ఆముదం పట్టించి, వేడినీళ్లు పోసి, పొగ వేసి, గుడ్డలో చుట్టి బయటికి తేవాలి. నాగరాణికి తల్లి లేదు, కాన్పుకు అత్తగారే దిక్కు, అత్త ఏం చెబితే అదే వేదం. భూకంపానికి అదిరిపోయిన కడుపు, నెల ముందే నొప్పులొచ్చి, దవాఖాన దాకా ఆటోలో పోయి కన్నది. ఇంత గందరగోళంలో ఇంత బక్క పిల్లాడు. వాడికి రిత్విక్ అని పేరు అనుకుంటున్నామని నాగరాణి చెబితే, ఆ పేరు పలకడానికే ఒక పూట కావాలి బిడ్డా అని గుర్వయ్య నవ్వాడు. ఈ నెలలో అతను నవ్వింది ఆ ఒక్కసారే అయివుంటుంది. కొడుకు శివకృష్ణ చిట్యాలలో పనికి తిరిగి పోతూ బండి ఎక్కేముందు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "బాపు, నువ్వున్నవన్న ధైర్యంతోని పోతున్న," అన్నాడు. ఆ మాట అననట్టయితే బాగుండేది. నేనున్నానని ధైర్యమా, నేనున్నానని భయపడాలి గానీ అని గుర్వయ్యకు నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

ఇప్పుడు రెండో గొర్రె ఆపింది. దాని పక్కది కూడా. కిటికీలో నీడ కదిలింది, ముందుకు వంగి వెనక్కి వచ్చింది, గోవిందమ్మ నూనె రాస్తున్నట్టుంది. నూనె అయితే ఇంకా నీళ్లు పోయలేదు, నీళ్లు కాకుంటే పొగ లేదు, అంటే ఇంకా చాలాసేపు. ఈ ఆడవాళ్లకు ఎందుకింత నింపాది, భూమి వీళ్లకేమైనా మాటిచ్చిందా, నీ మనవడికి నీళ్లు పోసి ముస్తాబు చేసేదాకా కదలనమ్మా అని. నిన్న మధ్యాహ్నం కూడా కింద ఎక్కడో బండి పోయినట్టు గుర్రుమంది. మొన్న గిన్నెలు గలగలమన్నాయి. మంచంలో పడుకుంటే మంచం కోళ్లు కదిలినట్టుంటుంది, లేచి చూస్తే కోళ్లు కదలవు, కదిలేది తన గుండె. ఊళ్లో అందరికీ ఇదే రోగం. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉలిక్కిపడి పక్కవాడిని అడుగుతాడు, అదిరిందా, అదిరిందా? గ్లాసులో నీళ్లు పోసి నేల మీద పెట్టి వాటిని చూస్తూ కూర్చునే ముసలాళ్లు ఉన్నారు. ఈ నీళ్లు కదలకుంటే ఆ రోజు గడిచినట్టు.

చిరుత రాకపోయివుంటే ఇదంతా ఉండేది కాదు. భూకంపం ఉండేది, అదెక్కడికి పోతుంది, కానీ ఇదంతా ఉండేది కాదు. వానాకాలం పోయే రోజుల్లో గుట్ట దిగి వచ్చి బీరన్న దూడను ఈడ్చుకుపోయింది. తెల్లారి అడుగులు చూసినవాళ్ల నాలుకలు పిడచకట్టుకుపోయాయి. ఇస్రాయేలు డప్పు కొట్టుకుంటూ వాడవాడా తిరిగాడు. "ఇనుండ్రి, ఇనుండ్రి! గుట్టల చిరుత తిరుగుతాంది! కేక ఇనవడంగనే ఎక్కడోళ్లక్కడ ఇండ్లల్ల జొచ్చి తలుపులు పెట్టుకోవాలె!" కేక ఎవరు వెయ్యాలి అని పంచాయతీ ముందు కూర్చుంటే అందరి చూపూ గుర్వయ్య మీదికే పోయింది. మంద అతనిది, ఏ మృగం వచ్చినా ముందు తెలిసేది గొర్రెలకే, ఆపైన ఆ గొంతు. చిన్నప్పుడు తండ్రి ఈ గుట్ట మీద నిలబెట్టి ఆ గుట్ట మీద ఉన్నవాడు వినేదాకా అరిపించి తయారుచేసిన గొంతు అది. ఎదుటి గుట్ట మీది కాపరి చెయ్యి ఊపితేనే అన్నం మూట విప్పేవాడు, ఊపకపోతే మళ్లీ అరవాలి, కడుపు కాలుతుంటే ఇంకా గట్టిగా వచ్చేది. బీరప్ప పండుగకు కథ చెప్పేవాళ్లు వెనక వంత పాడడానికి అతన్నే పిలిచేవాళ్లు. పక్కింటి నిర్మలమ్మ అయితే ఎప్పుడూ ఎగతాళే. "బావా, నువ్వు పిలిస్తె అక్క ఒక్కతే గాదు, సడక్ మీద బస్సు సుత ఆగుతది," అనేది. నిర్మలమ్మ సాయిలు భార్య. సాయిలు అతన్ని అన్నా అంటాడు కాబట్టి ఆమెకు బావ. మొత్తానికి ఆ గొంతు మీద ఊరికి అంత నమ్మకం. దీపావళి పోయాక రెండుసార్లు కేక వేశాడు, రెండుసార్లూ ఊరు చిటికెలో తలుపులు బిగించుకుంది, రెండుసార్లూ చిరుత ఉత్త చేతులతో గుట్ట ఎక్కింది. ఎంత మెచ్చుకున్నారో. టీ తాగమని పిలవని ఇల్లు లేదు. గుర్వయ్య కూడా ఉబ్బాడు, ఎందుకు అబద్ధం, ఛాతీ ముందుకు పెట్టుకునే నడిచాడు.

ఆ పొద్దున. గొర్రెల వైపు చూస్తే ఆ పొద్దునే వస్తుంది, చూడకుండా ఉండలేడు. అప్పుడు మంద ఇంటి పక్క రాళ్ల దొడ్డిలో ఉండేది. తెలతెలవారుతోంది, కుక్కలు ఒక్కసారిగా ఏడుపు ఎత్తుకున్నాయి. దొడ్డి గేటు తీద్దామని చెయ్యి వేశాడో లేదో మంద మొత్తం లేచి ఒకదాని మీద ఒకటి పడి గేటుకు గుద్దుకుంది. మేకపోతు గోడ దూకింది. అది చూసిన గుర్వయ్యకు ఇంకో ఆలోచన రాలేదు. భూమి అనే ఆలోచన ఎట్లా వస్తుంది, భూమి ఎప్పుడైనా ఈ దిక్కున కదిలిందా, ఇది రాళ్ల నేల, గునపం దిగని నేల. గొర్రెలు అట్లా లేచాయంటే దానికి ఒకటే పేరు ఉంది అతని దగ్గర. ఆ పేరే నోట్లోంచి వచ్చింది. "చిరుతా! చిరుతొచ్చింది! లోపలికి పోండ్రి!" నిర్మలమ్మ వాకిట్లో సాన్పి చల్లుతోంది. బయట ఉంది. అరె, ఆమె బయట ఉంది. పేడనీళ్ల బకెట్ పక్కన వంగి ఉన్న మనిషి తలెత్తి అతని వైపు చూసింది. అనుమానంగా చూడలేదు, ఎక్కడ బావా అని అడగలేదు. బావ కేకేశాడంటే చిరుతే. బకెట్ వదిలేసి చెంగు ఎగదోపుకుని గడప దాటి తలుపు మూసింది. లోపల గడియ పెట్టిన చప్పుడు కూడా విన్నాడు. ఆ తర్వాత కాళ్ల కింద నేల లేచింది.

ఊళ్లో పోయినవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ వాళ్లంతా నిద్రలో ఉండి పోయారు, పక్కల మీదే రేకులు, వాటి మీద పెట్టిన రాళ్లు వచ్చి పడ్డాయి, వాళ్లను గుర్వయ్య కేక చంపలేదు, బతికించనూ లేదు. మేలుకుని, బయట, ఆకాశం కింద నిలబడి ఉన్నది నిర్మలమ్మ ఒక్కతే. తలుపు మీద అడ్డంగా పెట్టిన బండ కిందికి వచ్చింది. అదే కేకకు గోవిందమ్మ కూడా కడుపుతో ఉన్న కోడల్ని రెక్క పట్టుకుని ఇంట్లోకి ఈడ్చుకుపోయి తలుపు పెట్టింది, వాళ్ల మీద మాత్రం గోడ బీట వారి ఆగిపోయింది. ఎందుకు ఆగింది? రెండిళ్ల గోడలూ ఒకే గుట్ట రాళ్లు, ఒకే మేస్త్రి చెయ్యి, ఒకే బురద. దీనికి లెక్క ఏ దేవుడి దగ్గర ఉందో. ఊరంతటికీ తెలుసు ఆమె ఎందుకు లోపలికి పోయిందో. ఒక్కరు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఛీ కొట్టి, గుడారం ముందుకు వచ్చి మన్ను పోసి, నీ నోరు పడిపోను అని ఉంటే ఆ మాట పట్టుకుని ఏడ్చేవాడు. సాయిలు అంత్యక్రియల నాడు కూడా అతని భుజం మీదే తల పెట్టాడు. పెద్ద కర్మ అయిన తెల్లారి పొయ్యి మీద టీ పెట్టి, ఒక గ్లాసు తెచ్చి గుర్వయ్య చేతిలో పెట్టి పోయాడు. ఆ టీ తాగడానికి మనసు రాలేదు, పారబోయడానికి చెయ్యి రాలేదు.

పైగా ఈ జనం. జనం అంటే ఎంత పిచ్చిదో చూడండి. మైకు పట్టుకుని పట్నం నుంచి వచ్చిన అమ్మాయి, మీ గొర్రెలకు ముందే తెలిసిందట కదా అని అడిగింది. గుర్వయ్య లేచిపోతే ఊరి కుర్రాడు పరమేష్ ముందుకొచ్చి తల దువ్వుకుని మరీ చెప్పాడు, మా గుర్వయ్య మామ మంద ఉంటే మిషన్లు ఎందుకు అని. ఆనాడే మళ్లీ నిర్ణయం అయిపోయింది. గొర్రెలకు ముందు తెలుస్తుంది కాబట్టి గుర్వయ్యే చూస్తూ ఉండాలి, కేక వెయ్యాలి, ఈసారి కేక వినపడితే ఇళ్లలోంచి బయటికి ఉరకాలి. అదే ఇస్రాయేలు, అదే డప్పు, అదే వాడ. "కేక ఇనవడంగనే ఎక్కడోళ్లక్కడ బయటికి ఉరకాలె!" నీకు గొంతు ఉందా గుర్వయ్యా అని అడిగినవాడు లేడు. గొంతు లేదు. ఆ పొద్దున పోయింది పోయినట్టే ఉంది. మాట్లాడతాడు, అన్నం పెట్టమంటాడు, మంచినీళ్లు అడుగుతాడు, కేక మాత్రం రాదు. గొర్రెలను కూడా కర్రతో తట్టి, నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసి తోలుకొస్తున్నాడు. చేనుకు పడ్డ గొర్రెను అదిలించడానికి నోరు తెరిస్తే గాలి ఒక్కటే బయటికి వస్తుంది. గోవిందమ్మకు తెలుసు. జలుబు చేసిందని అందరితో చెబుతోంది, నెల నుంచి తగ్గని జలుబు.

మంద సగం లేచింది. గుర్వయ్య కూడా లేచాడు, ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. ఏమీ కాదు, ముసురుకు ఒళ్లు తడిసి లేచాయి, ఉన్ని తడిస్తే నిలబడి విదిలించుకుంటాయి, ఎన్ని చూడలేదు. విదిలించుకుంటున్నాయా? లేదు. ఊరికే నిలబడ్డాయి. చెవులు ముందుకు పెట్టి నిలబడ్డాయి. గొర్రె పిల్లలు తల్లుల పొట్టల కిందికి దూరాయి. ఎటు చూస్తున్నాయో చూద్దామంటే ఈ మసక, ఈ తడి, ఉన్న రెండు కళ్లకు పొరలు. అప్పుడు గుర్తొచ్చాయి. పొద్దున కుంట దగ్గర బురదలో చూసిన అడుగులు. గోళ్ల గుర్తులు లేవు. గోళ్ల గుర్తులు లేని అడుగు కుక్కది కాదని గొర్రెలు కాసే ఇంట్లో పాకే పిల్లకు కూడా తెలుసు. చూశాడు, కాలితో బురద కలిపేశాడు, కుక్కదే అనుకున్నాడు, ఇంటికి వచ్చాడు, ఎవరికీ చెప్పలేదు. చెబుదామని పరమేష్ దగ్గరికి పోయి ఎదురుగా నిలబడ్డాడు కూడా. ఏంది మామా అన్నాడు వాడు. ఏం లేదు బిడ్డా, బీడి ఉందా అని అడిగాడు. బీడి మానేసి ఎన్నేళ్లో. ఆ మూడక్షరాల పేరు నాలుక మీదికి రాదు. వస్తే మళ్లీ ఎవరో బకెట్ కింద పడేసి లోపలికి పోతారు, గడియ పడుతుంది.

ఇప్పుడేం చెయ్యాలి. ఏమని కేకెయ్యాలి. చిరుత అంటే ఈ గుడారాల్లో జనం ఏం చేస్తారు, ఎటు పోతారు, పట్టాలకు తలుపులు ఉన్నాయా? వాళ్ల కాళ్లకు అలవాటైన దారి ఒకటే, ఇళ్లు. పగిలిన గోడల మధ్యకు, ఊగే రేకుల కిందికి, పిల్లల్ని చంకనేసుకుని ఉరుకుతారు. గోవిందమ్మ లోపలే ఉండిపోయి తలుపు పెడుతుంది, కోడల్ని మూలకు లాగుతుంది, ఆ బీట గోడ పక్కనే మూల. అప్పుడు భూమి కదిలితే? పోనీ భూమి అని అరిస్తే, అరె భూమి అదురుతోంది ఉరకండి అంటే, ఇళ్లలో తలదాచుకున్న ఆడవాళ్లు, ముసురుకు తట్టుకోలేక ఇంకో నాలుగిళ్లలో దూరిన పిల్లలు అంతా ఈ చెలకలోకి వస్తారు, చీకటి పడుతున్న చెలకలోకి, తుమ్మ చెట్ల వైపు. అక్కడ అది పొట్ట నేలకు ఆనించి కూర్చుని ఉంటే? నెల నిండని పిల్లవాడు, ఆముదం వాసన, పచ్చి వాసన, చేతుల్లో పట్టుకుని ఒక బాలెంత దాని ముందుకు. రెండు మాటలు ఉన్నాయి, ఒకటి లోపలికి తోలేది, ఒకటి బయటికి లాగేది, తప్పు మాట అంటే ఎవరో ఒకరు పోతారు, ఏ మాటా అనకపోతే కూడా పోతారు. బీరప్పా, నాకు గాక ఇంకెవరికీ లేవా గొర్రెలు, ఆలంపూర్ దాకా ఎన్ని మందలు లేవు, నన్నే ఎందుకు కూచోబెట్టావు ఈ బండ మీద?

కేక లేకుండా పోదాం, నడిచి పోదాం, ఇల్లెంత దూరం, పోయి గోవిందమ్మ చెవిలో చెప్పి చెయ్యి పట్టుకుని తీసుకొద్దాం అనుకున్నాడు. నాలుగడుగులు వేశాడు కూడా. వెనక మంద గలగలమంది. మందను వదిలి పోతే ఒక్కటి బెదిరినా వల తెంపుకుని అన్నీ పోతాయి, ఇల్లు పోయింది, ఉన్న ఆస్తి ఈ గొర్రెలే, శివకృష్ణ చిట్యాల జీతంతో ఏమొస్తుంది, పిల్లవాడికి పాలడబ్బా కొనాలన్నా ఒక పొట్టేలు అమ్మాలి. వెనక్కి తిరిగాడు. తిరిగితే కిటికీ కనిపించలేదు. మళ్లీ ఇటు తిరిగాడు. తన చుట్టూ తానే తిరిగే మనిషిని ఎవరైనా చూస్తే తాగాడనుకుంటారు. ఏమిటీ సిగ్గు, ప్రాణాల మీదికి వస్తే సిగ్గేమిటి, కానీ మందను తలుచుకుని ఆగిన కాళ్లను చూస్తే నిజంగానే సిగ్గేసింది. గొర్రెలా, మనవడా? అడగాల్సిన ప్రశ్నేనా అది? అయినా కాళ్లు ఆగాయి కదా. యాభై ఏళ్లు మంద వెనక నడిచిన కాళ్లు, వాటికి వేరే దారి తెలియదు.

లోపల పిల్లవాడు ఏడుపు ఎత్తుకున్నాడు. నీళ్లు మొదలుపెట్టింది. వేడి నీళ్లు తగలగానే వాడు ఇట్లాగే కేరుమంటాడు, పిడికెడు మనిషికి ఎంత గొంతో, తాత గొంతు వచ్చిందని గోవిందమ్మ మురుస్తుంది. తాత గొంతు వద్దురా నీకు. వాడు ఏడుస్తున్నంతసేపూ గుర్వయ్యకు కొంచెం ధైర్యంగా ఉంది, ఏడుపు వినపడుతోందంటే గోడ నిలబడి ఉందని. నిలబడి వింటున్నాడు. ముసురు గొంగడి మీద పడుతోంది, వల తాళ్లు కిర్రుమంటున్నాయి, గుడారాల్లో ఎవరో దగ్గుతున్నారు, పొయ్యి మీద రొట్టె మాడిన వాసన. సాయిలు గుడారంలో దీపం లేదు, అతను ఈ మధ్య దీపం పెట్టుకోవడం లేదు, మసకలో అట్లాగే కూర్చుంటాడు. పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఉండు బిడ్డా, ఇంకొంచెం ఏడువు. ఏడుపు తెగింది.

ఒక్కసారిగా తెగింది, సగంలో. మంద మొత్తం లేచి నిలబడి ఉంది, ఒక్కటంటే ఒక్కటి నేల మీద లేదు, ఒక్క నోరు కదలడం లేదు. అన్ని గొర్రెలు ఉన్నచోట ఒక్క చప్పుడు లేకపోవడం అతను పుట్టి బుద్ధెరిగాక ఎరగడు. అరికాళ్లలో సన్నగా వణుకు పాకింది. భూమా, కాళ్లా? కాళ్లు వణికితే పైనుంచి కిందికి వస్తుంది, భూమి అయితే కిందినుంచి పైకి వస్తుంది, ఇది ఎటునుంచి వస్తోంది, తెలియడం లేదు, మోకాళ్ల దగ్గర రెండూ కలిసిపోతున్నాయి. కిటికీలో దీపం చిన్నగా ఊగింది. గాలికా? నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. రెండు మాటలూ గొంతులోకి ఒకేసారి వచ్చి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. కళ్ల ముందు కిటికీ లేదు, వాకిలి ఉంది, పేడనీళ్ల బకెట్ ఉంది, వంగిన మనిషి తలెత్తి చూస్తోంది, ఇంకా పోలేదు, ఇంకా చెంగు దోపుకోలేదు, గడప ఇంకా దాటలేదు. ఆగు. అక్కడే ఉండు తల్లీ.

"నిర్మలా!"

నెల నుంచి మూసుకుపోయిన గొంతు పగిలి బయటికి వచ్చింది. గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. "నిర్మలా! నిర్మలా! బయటికి రా బిడ్డా! లోపలికి పోకు! నిర్మలా!"

ఊరు కదిలింది. ఇది చిరుత కేక కాదు, భూమి కేకా కాదు, ఏం చెయ్యాలో డప్పులో చెప్పని కేక, అందుకే ఎవరూ ఎటూ ఉరకలేదు, ఎక్కడివాళ్లక్కడ లేచి కేక వచ్చిన వైపు నడిచారు. గుడారాల పట్టాలు లేచాయి. ముసురుకని ఇళ్లలో దూరినవాళ్లు గడపలు దాటి వచ్చారు, పోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నాడు, గుర్వయ్యకు ఏదో అయింది, పట్టుకోండి అనుకుంటూ వచ్చారు. చేతులకు ఆముదం, మోకాళ్ల దాకా తడిసిన చీరతో గోవిందమ్మ వచ్చింది. వెనక నాగరాణి. పిల్లవాణ్ని కొంగులో చుట్టి రొమ్ముకు ఆనించుకుంది, వాడు చప్పుడు చెయ్యకుండా పాలు తాగుతున్నాడు. ఏడుపు ఎందుకు తెగిందో అప్పుడు తెలిసింది గుర్వయ్యకు. కూలబడబోయాడు, గోవిందమ్మ రెక్క పట్టుకుంది. "ఏమైందయ్యా? ఏం గనవడ్డది నీకు? జర నా దిక్కు జూడు," అంటోంది. ఆమె వణుకుతోంది. ఇంట్లోకి పోయినప్పుడు వణకని మనిషి.

సాయిలు అందరికన్నా వెనక వచ్చాడు. జనం పక్కకు జరిగారు. సాయిలు గుర్వయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మసకలో అతని ముఖం కనిపించడం లేదు, ఊపిరి వినిపిస్తోంది. ఇప్పుడు కొడతాడు, కొట్టాలి, నెల నుంచి బాకీ ఉన్న దెబ్బ ఇది అని గుర్వయ్య తల వంచాడు.

"నిర్మల ఇంట్ల లేదన్నా," అన్నాడు సాయిలు. ఇంటి ముందుకు వచ్చి అడిగినవాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసి, "ఇంట్ల ఎవ్వలు లేరు. అందరం బయటనే ఉన్నం," అన్నాడు.

గుర్వయ్య ఏడ్చాడు. పెద్దగా, చిన్నపిల్లాడిలా, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఏడుస్తూనే మంద వైపు చెయ్యి చూపించాడు. జనం చూశారు. నిలబడ్డ గొర్రెలు, కదలని నోళ్లు. ఎవరో తల్లి పిల్లను దగ్గరికి లాక్కుంది. భూమి అదురుతుందేమోనని కొందరు కాళ్లు ఎడం చేసి నిలబడ్డారు. ఏమీ అదరలేదు, ఇంకా ఏమీ అదరలేదు.

"కుంట కాడ... అడుగులున్నయ్ సాయిలూ," అన్నాడు గుర్వయ్య. "పొద్దున చూసిన. కుక్కయి గావు. చెప్పనీకె నోరు రాలే."

"నేను సుత చూసిన."

"మరి చెప్పలేదేందిరా?"

సాయిలు పరమేష్ చేతిలోంచి గొడ్డలి తీసుకున్నాడు, వల ఒక పక్క ముడి విప్పాడు. "ఆడోళ్లు, పిల్లలు మంద నడుమకు పోండ్రి. ఇండ్లల్లకు వద్దు, పట్టాల కిందికి వద్దు. గొర్ల నడుమ నిలవడుండ్రి," అన్నాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. తడి ఉన్ని వాసనలోకి, వెచ్చటి ఒళ్ల మధ్యకి ఒక్కొక్కరే దూరారు. నాగరాణిని నడిమధ్యలో నిలబెట్టి గోవిందమ్మ ఆమె నెత్తి మీద గొంగడి కప్పింది. గొర్రెలు కొంచెం జరిగి చోటిచ్చాయి, కానీ కూర్చోలేదు. మగవాళ్లు కర్రలతో చుట్టూ నిలబడ్డారు. తుమ్మ చెట్ల వైపు ఎవరి కంటికీ ఏమీ కనిపించడం లేదు. గుర్వయ్య మళ్లీ నోరు తెరవబోయాడు, ఊపిరి పీల్చాడు, మెడ నరాలు ఉబ్బాయి. సాయిలు పక్కకు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇగ కేకెయ్యకన్నా. పక్కకే ఉన్నం. ఏదొచ్చినా మెల్లగ చెప్పు, ఇనవడతది."